కాలేజీ హాస్టల్లో పిలకాయల్ని దించి రావడం: మన నెల్లూరు, ఒంగోలు వైపు అమ్మానాన్నలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

జులై ఆఖరుకొచ్చిందంటే నా ఫోన్ ఆగదు. "అక్కా, పరుపు కొనాల్నా?", "వదినా, టీసీ ఇచ్చేయమంటా ఉండారు, ఇచ్చేయమంటావా?" అని. కావలిలో మా వీధి మొత్తం మీద ఇద్దరు పిలకాయల్ని ఇంజనీరింగ్ హాస్టళ్లలో చేర్చింది ముందు మేమే, అందుకని అందరికీ నేనే దొరికా. మా పాపని గుంటూరు పక్క కాలేజీలో వేశాం, మా అబ్బోడిని మధ్యప్రదేశ్‌లో. రెండు తూర్లూ తప్పులు చేశాం, కాకపోతే వేరే వేరే తప్పులు. చెప్పిందే చెప్పి గొంతు పోతా ఉండాదని ఇట్టా రాసిపెట్టా. మీకు ఏది కావాలో అదొక్కటి చదువుకున్నా చాలు.

## సీటు వచ్చాక, బయల్దేరే లోపల

సీటు వచ్చేసింది కదా, ఇంకా ఈ సర్టిఫికెట్ల గోల ఏంది?

అలాట్‌మెంట్ వచ్చినంత మాత్రాన అయిపోలేదు, కాలేజీలో కాగితాలు చూశాకే సీటు ఖాయం. ఈఏపీసెట్ (మన రాష్ట్రం ఇంజనీరింగ్ ఎంట్రన్స్) సీటుకైతే ఫైల్లో ఉండాల్సినవి అలాట్‌మెంట్ ఆర్డర్, హాల్‌టికెట్, ర్యాంక్ కార్డ్, టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, క్యాస్ట్, ఇన్‌కమ్ లేదా ఈడబ్ల్యూఎస్ (రిజర్వేషన్ లేని కులాల్లో పేదోళ్లకి ఇచ్చేది), ఆధార్, ఓ డజను ఫొటోలు. ఇందులో జనాన్ని ఏడిపించేది స్టడీ సర్టిఫికెట్లే. 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకి, ఆ లోకల్ అనేది చదివిన చోటుని బట్టి తేలుతాది. ఉమ్మడి నెల్లూరు జిల్లా ఎస్వీయూ (శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ) ఏరియా, ఉమ్మడి ప్రకాశం ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) ఏరియా, పక్కపక్క ఊళ్లే గానీ లెక్క వేరే. మన పిలకాయలేమో ఆరు ఏడు ఉలవపాడులో, ఎనిమిది నుంచి కావలిలో, ఇంటర్ బెజవాడలో చదివుంటారు, మూడు చోట్ల తిరగాలి. ఒక స్కూల్ మూతపడి ఉంటే ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో కనుక్కోవాలి, అది ఒక్క రోజులో తేలే పని కాదు. కాబట్టి కౌన్సెలింగ్ మొదలవక ముందే ఈ ఒక్కటీ తెచ్చిపెట్టుకోండి, మిగతావి ఎట్టోకట్టా అవుతాయి.

క్యాస్ట్ సర్టిఫికెట్ సచివాలయంలో తీసుకున్నాం, ఎన్‌ఐటీకి ఐఐటీకి అదే సరిపోతాది కదా?

సరిపోదు. సెంట్రల్ కాలేజీలకి ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (బీసీల్లో బాగా ఉన్నోళ్లు కాదని చెప్పే) సర్టిఫికెట్ వాళ్ల ఫార్మాట్‌లోనే ఉండాలి, అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. ఈడబ్ల్యూఎస్‌కీ తేదీ లెక్క ఇంతే. ఇంకోటి, మన రాష్ట్రం బీసీ లిస్టులో ఉన్న కులాలన్నీ సెంట్రల్ ఓబీసీ లిస్టులో ఉండవు, ముందు అది చూసుకోండి. మా అబ్బోడికి పోయినేడు తీసిన కాగితం పట్టుకుని ధీమాగా కూర్చున్నాం, చివర్లో చూస్తే తేదీ పనికిరాదు. ఎండలో ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ నాలుగు రోజులు తిరిగాడు మా ఆయన. ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఎవరూ ఎవరితో మాట్లాడలేదు.

ఒరిజినల్స్ కాలేజీలో ఇచ్చేయమంటా ఉండారు, ఇవ్వచ్చా?

టీసీ వాళ్ల దగ్గరే ఉంటాది, అది మామూలే. మెమోలు, క్యాస్ట్ లాంటివి చూసుకుని వెనక్కి ఇచ్చేయాలి, ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ చెప్పింది. అయినా కొన్ని చోట్ల అడుగుతారు, మా పాప కాలేజీలోనూ కౌంటర్లో ఉన్నాయన "అందరూ ఇస్తా ఉండారమ్మా" అన్నాడు. నేను గొడవేం పెట్టుకోలేదు, "ఏమేమి తీసుకున్నారో రాసి సీలేసి ఇవ్వండి సార్" అని నిలబడ్డా, మెమోలు వెనక్కి ఇచ్చేశాడు. ఏది ఇచ్చినా రసీదు లేకుండా ఇవ్వద్దు. పోయే ముందే అన్నీ మూడు మూడు సెట్లు జిరాక్స్ తీయించి, ఫోన్లో స్కాన్ చేసి పెట్టుకోండి, కాలేజీ పక్క జిరాక్స్ షాపు దగ్గర ఆ రోజు సినిమాకి ఉన్నంత లైను ఉంటాది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తాది కదా, చేతిలో డబ్బులు ఎందుకు?

కన్వీనర్ కోటాలో, అంటే కౌన్సెలింగ్‌లో వచ్చి, ఆదాయం లెక్కలో ఉంటేనే రీయింబర్స్‌మెంట్, మేనేజ్‌మెంట్ కోటాకి లేదు. వచ్చేవాళ్లకైనా హాస్టల్ ఫీజు, బస్సు, కాషన్ డిపాజిట్, పుస్తకాలు, యూనిఫాం, ల్యాబ్ కోటు అన్నీ చేతినుంచే. గవర్నమెంట్ డబ్బులు ఎప్పుడు పడతాయో ఎవరూ చెప్పలేరు, ఆలోపల కట్టమని కాలేజీ వాళ్లు పిలకాయల్ని అడుగుతా ఉంటారు, అది వాళ్లకి నామోషీ. చేరే రోజే ఆఫీసులో "రీయింబర్స్‌మెంట్ లేటయితే ముందు మేం కట్టాల్నా?" అని మొహమాటపడకుండా అడిగేయండి. కాషన్ డిపాజిట్ రసీదు మాత్రం నాలుగేళ్లూ దాచండి, చివర్లో అది చూపిస్తేనే డబ్బులు వెనక్కొస్తాయి.

తర్వాత రౌండ్‌లో ఇంకో కాలేజీ వస్తే ఇక్కడ కట్టిన ఫీజు పోయినట్టేనా?

పోదు, కానీ తేదీని బట్టి తగ్గుతాది. యూజీసీ 2018లో ఇచ్చిన లెక్క ప్రకారం అడ్మిషన్ల ఆఖరు తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందే మానేస్తే మొత్తం వెనక్కి, అందులో ప్రాసెసింగ్ అని 5 శాతం, మహా అయితే 5,000 పట్టుకుంటారు. 15 రోజుల్లోపు అయితే 90 శాతం, ఆఖరు తేదీ దాటి 15 రోజుల్లోపు 80, నెల లోపల 50, నెల దాటితే సున్నా. ఇది యూనివర్సిటీలకీ వాటి కింద కాలేజీలకీ. నోటితో చెప్పి వచ్చేయకుండా మానేస్తున్నామని మెయిల్ పెట్టండి, తేదీకి అదే సాక్ష్యం.

## సామాన్లు

పరుపు ఇక్కడే కొనుక్కుని పోవాల్నా?

వద్దు. మా పాపకి కావలిలో మంచి దూది పరుపు కుట్టించి కారు మీద తాళ్లతో కట్టుకుని బయల్దేరాం. ఎండ మండిపోతా ఉండె, వాన ఆలోచనే లేదు. టంగుటూరు టోల్‌గేటు దాటామో లేదో కుండపోత. పైన కప్పిన పట్టా గాలికి ఒక పక్క లేచిపోయి టపటపా కొట్టుకుంటా ఉంటే మా ఆయన కిటికీలోంచి చెయ్యి పెట్టి దాన్ని పట్టుకుని ఒంగోలు దాకా అట్టనే కూర్చున్నాడు, చొక్కా చెయ్యి పిండితే నీళ్లు. పరుపు మాత్రం ముద్దయిపోయింది. ఆ రాత్రి పాప ఇనప మంచం మీద నా పాత చీరలు రెండు మడతేసి పరుచుకుని పడుకుంది. తర్వాత చూస్తే హాస్టల్ గేటు ఎదురుగానే పరుపులు, దిండ్లు, బకెట్లు గుట్టలు పోసి అమ్ముతా ఉండారు, ఆ మంచానికి సరిపడే కొలతలో. ఒక వంద ఎక్కువైనా అక్కడే కొనండి.

మరి ఇంటి నుంచి ఏమేమి తీసకపోవాలి?

లిస్టులు అందరూ ఇస్తారు, నేను మరిచిపోయినవి చెప్తా: రెండు మంచి తాళాలు, బీరువాకి ఒకటి, పెట్టెకి ఒకటి, తాళంచెవి ఇంకోటి మీ దగ్గర ఉండాలి. బట్టలారేసుకునే తాడు, క్లిప్పులు. ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఎందుకంటే రూములో ముగ్గురికి ఒకటే ప్లగ్గు, అదీ తలుపు వెనకాల. సూదీదారం, పిన్నీసులు. టార్చి. దోమతెర. పారాసెటమాల్, ఓఆర్‌ఎస్, దెబ్బలకి ఆయింట్‌మెంటు, వాడే మందులుంటే చీటీతో సహా. బట్టలు పదిహేను జతలు కాదు, ఏడు చాలు. పండక్కి ఇంటికొచ్చేటప్పుడు మార్చుకుంటారు. రైల్లో పోయేవాళ్లు గుర్తుపెట్టుకోండి, స్లీపర్‌లో మనిషికి 40 కేజీల దాకానే ఫ్రీ.

పచ్చళ్లు ఎన్ని కేజీలు పంపమంటారు?

ఏం పంపినా వారంలో రూమ్మేట్లు లేపేస్తారు, అదే మంచిది కూడా, పచ్చడి సీసా చుట్టూనే స్నేహాలు మొదలవుతాయి. కంది పొడి, కారప్పొడి, గోంగూర, ఆవకాయ తలా అరకేజీ చాలు. గాజు సీసా వద్దు. డబ్బా మూత కింద ప్లాస్టిక్ కవరు పెట్టి బిగించి, ఇంకో కవర్లో ముడేసి, బట్టల పెట్టెలో మాత్రం పెట్టద్దు. ఉత్తరాదికి పోయే పిలకాయలకైతే పొడులు ప్రాణం. మొలగొలుకులు, జీలకర్ర మసూరి తిని పెరిగిన నోటికి రాత్రుళ్లు రొట్టె, రాజ్మా అంటే పదిరోజులు ముద్ద దిగదు. మా అబ్బోడు వీడియో కాల్‌లో ప్లేటు చూపించి "అమ్మా, పప్పుకూడా తీపే" అన్నాడు, ఆ రోజు మా ఇంట్లో చేపల పులుసు, నేను కెమెరా ఇటు తిప్పలా.

కెటిల్, ఇండక్షన్ స్టవ్ పంపచ్చా?

చాలా హాస్టళ్లలో ఒప్పుకోరు, చెకింగ్‌లో దొరికితే తీసుకుపోతారు, ఫైను కూడా. రూల్స్ కాగితం చూడకుండా కొనద్దు. ఇస్త్రీపెట్టెదీ అంతే.

## ప్రయాణం

దించడానికి ఎంతమంది పోవచ్చు? తాత, నాయనమ్మ కూడా వస్తామంటా ఉండారు.

ఇద్దరు పోండి. మా పాపకి ఏడుగురం పోయాం, పెళ్లికి పోయినట్టు. గేటు దగ్గర సెక్యూరిటీ ఇద్దరినే లోపలికి వదిలాడు, మిగిలిన ఐదుగురూ చెట్టు కింద సాయంత్రం దాకా కూర్చున్నారు, మా అత్తకి మోకాళ్లు పట్టేసినాయి. పెద్దాళ్లకి ముందు రోజు ఇంట్లోనే పిల్లల చేత కాళ్లకి దణ్ణం పెట్టించండి, వాళ్లకీ తృప్తి. ఇద్దర్లో ఒకరు లైన్లలో నిలబడి ఫీజులు, కాగితాలు చూసుకోవాలి, ఇంకొకరు రూము సర్దాలి. ఇది పనిని పంచుకోవడమే కాదు, ఇద్దరూ ఒకేచోట ఉంటే ఒకరి మొహం చూసి ఒకరు ఏడుస్తారు.

కార్లో పోవాల్నా రైల్లోనా?

గుంటూరు, బెజవాడ, తిరుపతి, చెన్నై వైపు అయితే దించే రోజుకి కారే సుఖం, సామాన్లుంటాయి. హైదరాబాద్ అయితే సింహపురి ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి సికింద్రాబాద్. దూరాలకి రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు గానీ కౌన్సెలింగ్ తేదీలు మనకి అంత ముందు తెలియవు కదా, కాబట్టి తత్కాలే గతి: ముందు రోజు ఏసీకి పొద్దున 10కి, స్లీపర్‌కి 11కి. ఐఆర్‌సీటీసీ అకౌంట్‌కి ఆధార్ ముందే లింక్ చేసుకోండి, లేకపోతే తత్కాల్ రాదు. రిపోర్టింగ్ ఆఖరి రోజుకి కాకుండా ఒక రోజు ముందు చేరేటట్టు పెట్టుకోండి, రైలు ఆరుగంటలు లేటైనా గుండె కొట్టుకోకుండా ఉంటాది.

## దించే రోజు

రూములోకి పోగానే ముందు ఏం చూడాలి?

సర్దడం మొదలుపెట్టకముందే ఫ్యాన్, లైటు, ప్లగ్గు, కిటికీ గడియ, బీరువా తలుపు, బాత్రూం కొళాయి అన్నీ ఒక తూరి ఆడించి చూడండి. మంచం విరిగినా, గోడ పెచ్చులూడినా ఫొటో తీసి వార్డెన్‌కి చూపించండి, లేకపోతే ఏడాది చివర మీ పిల్లే విరగ్గొట్టిందని డబ్బులు కోస్తారు. తాగే నీళ్లు ఎక్కడ, రాత్రి ఒంట్లో బాగోకపోతే ఎవరికి చెప్పాలి, దగ్గర ఆసుపత్రి ఏది, అంబులెన్స్ ఉందా, ఈ నాలుగూ వార్డెన్ నోటి నుంచి వినండి. వార్డెన్, ఫ్లోర్ ఇన్‌చార్జ్ నంబర్లు మీ ఫోన్లో, పిల్ల ఫోన్లో, ఒక కాగితం మీద కూడా రాసిపెట్టండి. ఫోన్ పోయిన రోజే నంబర్లు కావాల్సొస్తాది.

రూమ్మేట్‌కి తెలుగు రాదు, రూము మార్పించమంటారా?

ఆ రోజే అడగద్దు. మా అబ్బోడికి బీహార్ పిల్లోడు వచ్చాడు, వీడికి హిందీ రాదు, వాడికి తెలుగు రాదు, మొదటి రాత్రి ఇద్దరూ క్రికెట్ ప్లేయర్ల పేర్లు చెప్పుకుంటా గడిపారంట. దీపావళికల్లా వీడు హిందీలో తిడతా ఉండాడు, వాడు "ఏందబ్బా" అంటా ఉండాడు. దొంగతనం, తాగుడు, కొట్లాట లాంటివి ఉంటే మాత్రం వెంటనే వార్డెన్‌కి రాతపూర్వకంగా ఇవ్వాలి.

ఆ రాత్రి అక్కడే లాడ్జిలో ఉండి పొద్దున ఇంకో తూరి చూసి రావచ్చా?

నా మాట వినండి, పొద్దు గూకక ముందే వచ్చేయండి. రెండోసారి వీడ్కోలు మొదటిదానికంటే కష్టం. అదీగాక సాయంత్రం మెస్‌లో పిలకాయలంతా కలిసి తినే మొదటి భోజనం అప్పుడే, మీరు బయట హోటల్‌కి తీసకపోతే మీ పిల్ల ఒక్కతే ఆ గుంపులో లేకుండా పోతాది. దూరం ఊరైతే లాడ్జిలో ఉండండి, ఉన్నట్టు చెప్పద్దు. మేం భోపాల్‌లో అట్టా ఒక రాత్రి ఉన్నాం, మా ఆయన టీవీ పెట్టి సౌండ్ తీసేసి తెల్లార్లూ చూశాడు.

## ఓరియెంటేషన్

ఓరియెంటేషన్ అంటే ఏంది, మేం కూడా కూర్చోవాల్నా?

మొదటి రోజు మీటింగ్ పెద్దోళ్లకి కూడా ఉంటాది, కూర్చోండి. ప్రిన్సిపాల్ స్పీచ్, ప్లేస్‌మెంట్ల వీడియో వచ్చినప్పుడు కునుకు తీసినా నష్టం లేదు. పరీక్షలు, అటెండెన్స్, హాస్టల్ టైమింగ్స్, సెలవు చీటీ ఎవరు ఇవ్వాలి అనేవి చెప్పేటప్పుడు మాత్రం నోట్‌బుక్కు తీసి రాసుకోండి. చివర్లో డిపార్ట్‌మెంట్ హెచ్‌ఓడీని, మీ పిల్లకి ఇచ్చిన మెంటర్‌ని ఒక తూరి కలిసి పేరు చెప్పి దణ్ణం పెట్టి రండి, మొహం గుర్తుంటే రేపు ఫోన్ చేసినా పలుకుతారు.

మాకు ఇంగ్లీషు రాదు, అక్కడ ఏమన్నా అడిగితే నవ్వుతారేమో?

మన రాష్ట్రంలో కాలేజీ అయితే తెలుగులోనే అడగండి, స్టేజీ మీద ఇంగ్లీషు మాట్లాడినాయన కిందకి దిగి తెలుగే మాట్లాడతాడు. వేరే రాష్ట్రంలో అయితే ప్రశ్నలు పిల్లల చేత కాగితం మీద రాయించుకుని పోండి. మా మీటింగ్‌లో లేచినవాళ్లంతా ఉద్యోగాల ప్యాకేజీల గురించి అడిగారు, పంచె కట్టుకున్న ఒకాయన లేచి "పిల్లకి రాత్రి జ్వరమొస్తే ఎవురు లేస్తారయ్యా?" అన్నాడు. హాల్లో ఆ రోజు అందరూ తల ఎత్తి విన్న ప్రశ్న అదొక్కటే.

ఇండక్షన్ మూడు వారాలంట, క్లాసులు ఉండవంట, వారం లేటుగా పంపితే ఏమవుతాది?

పంపండి మొదటి రోజే. టెక్నికల్ కాలేజీల మీద ఉండే ఏఐసీటీఈ పెట్టిన ఈ మూడు వారాల ఇండక్షన్‌లో ఆటలు, బొమ్మలు, మానవ విలువల క్లాసులు, చుట్టుపక్కల చూపించడం, డిపార్ట్‌మెంట్ పరిచయం ఉంటాయి, చూడ్డానికి టైంపాస్ లాగే ఉంటాది. కానీ గుంపులు కట్టేది అప్పుడే. వారం తర్వాత పోయిన పిలకాయలకి బెంచీలో పక్కన కూర్చునేవాళ్లు కూడా అప్పటికే ఖరారైపోయి ఉంటారు.

ర్యాగింగ్ గురించి భయంగా ఉండాది.

ఏపీలో దీని మీద 1997 నుంచే చట్టం ఉంది, యూజీసీ రూల్స్ 2009వి. చేరేటప్పుడు పిల్లలూ, అమ్మానాన్నా ఇద్దరూ ఆన్‌లైన్‌లో యాంటీ ర్యాగింగ్ అండర్‌టేకింగ్ ఇవ్వాలి, అది చదవకుండా ఓకే కొట్టేయకండి, ఏదేది ర్యాగింగ్ కింద వస్తాదో తెలుసుకోవాలంటే యూజీసీ రూల్సు కూడా ఒక తూరి చదవండి. పాటలు పాడించడం, నోట్సు రాయించడం, డబ్బులు పెట్టించడం కూడా అందులోకే వస్తాయి. 24 గంటల హెల్ప్‌లైన్ 1800-180-5522, ఫోన్లో సేవ్ చేయించండి. "ఏం కాదులేరా, సరదాకి చేస్తారు" అని మాత్రం మీరు అనొద్దు, ఆ ఒక్క మాటతో రేపు ఏం జరిగినా మీకు చెప్పడం మానేస్తారు.

## మొదటి నెల

ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లోనే ఉన్నాడు కదా, కొత్తేముంది?

నేనూ ఇదే అనుకున్నా. ఇంటర్ హాస్టల్లో తెల్లారి ఐదింటికి బెల్లు, రాత్రి పదిదాకా స్టడీ అవర్, ఫోన్ ఆదివారం పది నిముషాలు, బట్టలు కూడా పలానా రోజే ఉతకాలి. ఇక్కడ లేపేవాళ్లు లేరు, తిన్నావా అనేవాళ్లు లేరు, చేతిలో ఫోన్, జేబులో యూపీఐ. కాబట్టి కొత్తది హాస్టల్ కాదు, ఖాళీ టైము. మా పాప మొదటి నెల్లో తొమ్మిది టిఫిన్లు ఎగ్గొట్టింది, లేవక. బయల్దేరే ముందు నెలరోజులు ఇంట్లోనే అలారం పెట్టుకుని తానే లేవడం, తన బట్టలు తానే ఉతుక్కోవడం, బ్యాంకుకి తానే పోయి కేవైసీ చేయించుకోవడం అలవాటు చేయండి. మనం చేసే సాయం సామాన్లు సర్దడంలో కంటే ఇందులోనే ఎక్కువ.

నెలకి ఎంత డబ్బులు ఇవ్వాలి? పిలకాయలు ఖర్చుపెట్టేది తెలిసేదెట్టా?

ఊరిని బట్టి ఉంటాది, కానీ ఒక అంకె అనుకుని ఒకటో తేదీన వేసేయండి, అడిగినప్పుడల్లా రెండొందలు మూడొందలు వేస్తే ఎవరికీ లెక్క తెలియదు. యూపీఐ సర్కిల్ అని ఒకటి వచ్చింది, మీ అకౌంట్ నుంచే పిల్లలు కట్టుకోవచ్చు, ఒకసారికి 5,000, నెలకి 15,000 మించకుండా మీరు లిమిట్ పెట్టుకోవచ్చు. అది మీకు ప్రతి టీ ఖర్చూ చూపిస్తాది, చూసి ఊరుకోగలిగితేనే పెట్టుకోండి.

రోజూ ఫోన్ చేసి ఏడుస్తా ఉంది, ఇంటికొచ్చేస్తానంటా ఉంది. తీసుకొచ్చేయమంటారా?

మొదటి రెండు వారాలు సాయంత్రం ఆరు ఏడు మధ్య ఏడుపు మామూలే, మెస్ బెల్లు కొట్టగానే "ఉంటానమ్మా" అని పెట్టేస్తారు, మనకే రాత్రంతా నిద్రుండదు. "వచ్చేయ్" అనద్దు, "రావద్దు" అనీ అనద్దు, ఈరోజు ఏం కూర పెట్టారు, పక్క మంచం పిల్ల ఏ ఊరు, అట్టాంటివి అడగండి. తిండి మానేసినా, నిద్రపోకపోయినా, ఫోన్ ఎత్తడం తగ్గించినా, గొంతు మారినా మాత్రం ఆలస్యం చేయకుండా మెంటర్‌కి ఫోన్ చేసి, ఒకరు పోయి చూసి రండి.

అటెండెన్స్ ఎంత ఉండాలి?

జేఎన్‌టీయూ కింద కాలేజీల్లో 75 శాతం. 65 నుంచి 75 మధ్య ఉంటే డాక్టర్ చీటీతో, ఫైనుతో ఒప్పుకోవచ్చు, 65 కింద అయితే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. రీయింబర్స్‌మెంట్‌కి కూడా 75 కావాలి. బంధువుల పెళ్లిళ్లకి పిలిచే ముందు మనమే ఈ లెక్క వేసుకోవాలి.

దసరాకి రప్పించాల్నా, సంక్రాంతి దాకా ఆగాల్నా?

రప్పించండి. దూరం ఊరైతే 60 రోజుల రిజర్వేషన్ కిటికీ తెరవగానే దసరా టికెట్లు చేయండి. అక్టోబర్, నవంబర్‌లో మనవైపు వాయుగుండాలు, నెల్లూరు దగ్గర పట్టాల మీదకి నీళ్లొచ్చి రైళ్లు ఆగిన సందర్భాలు చూసినవాళ్లమే, కాబట్టి తిరుగు ప్రయాణానికి ఒక రోజు ఎక్కువ పెట్టుకోండి. ఇంటికొచ్చిన రోజు సంచీ నిండా మాసిన బట్టలుంటాయి, అడుగున ఖాళీ పచ్చడి డబ్బాలుంటాయి, వాటిని కడగను కూడా కడగరు.